గడ్డి కోసే బండి: పాతదే గట్టిదా?

ఒహాయో మామిడితోట:
మా పక్కింటి పెద్దాయన 1968 నాటి జాన్ డీర్ 110 మీద కూర్చుని ఇప్పటికీ గడ్డి కోస్తున్నారు. నేను 2006లో 1,500 డాలర్లు పోసి కొన్న బండి మాత్రం పన్నెండో ఏట మెరక ఎక్కలేక మూలపడింది. అదే తరగతి బండికి ఇప్పుడు 2,300 డాలర్లు అడుగుతున్నారు. ధర పెంచి సరుకు తగ్గించారని నా వాదన. కాదనేవారు చెప్పండి.

లెక్కల మాస్టారు:
కాదంటాను. అమెరికా వినియోగదారుల ధరల సూచీ సగటున 2006లో 201.6, 2024లో 313.7. ఆ లెక్కన మీ 1,500 అంటే 2024లో 2,334 డాలర్లు. అప్పుడు ఇచ్చిందే ఇప్పుడూ అడుగుతున్నారు! ఇక 1968 సంగతి. ఆనాటి వందల డాలర్లు ఈనాటి వేలతో సమానం. అంత డబ్బు పెడితే ఈరోజుకీ డీలరు దగ్గర గట్టి బండే దొరుకుతుంది. మీరు పెద్దాయన ఖరీదైన బండిని మీ చవక బండితో తూస్తున్నారు. పైగా ఆ కాలంలో చెడిపోయినవన్నీ ఎప్పుడో తుక్కుకు పోయాయి, నిలిచినవే మన కంటికి కనిపిస్తున్నాయి.

కరోలినా పానా:
మాస్టారూ, లెక్క సరే, ఒకసారి విప్పి చూడండి. ఆ 110లో కోహ్లర్ 8 హార్స్‌పవర్ ఇంజన్ పోత ఇనుముది. సిలిండరు అరిగితే బోరు చేయించి, అంటే లోపలి రంధ్రాన్ని కాస్త వెడల్పు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తే మళ్లీ పరుగు. ఇప్పటి బండ్లలో హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్, అంటే నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పేది. పెడల్ నొక్కితే చాలు, గేర్లు మార్చే బాధ లేదు, ఆ సుఖం నేనూ కాదనను. కానీ చవక రకాలకు నూనె దించే బిరడా కూడా పెట్టరు. చదును నేల మీద ఏళ్ల తరబడి నడుస్తుంది. వాలు మీద నూనె వేడెక్కి పలచబడితే బలం చాలదు. మామిడితోట గారూ, మీ పెరడు వాలేనా?

పెరటి పిన్ని:
అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. ఆ రోజుల బండ్లకు సీటు కింద స్విచ్ లేదు. బ్లేడు ఆపకుండా మనిషి దిగితే అది తిరుగుతూనే ఉంటుంది. కొత్తవాటిలో సీటు మీంచి లేస్తే ఆగిపోతుంది. పిల్లలున్న ఇంటికి అది నాణ్యత కాదా?

ఒహాయో మామిడితోట:
పిన్ని గారికి నా దగ్గర జవాబు లేదు. పానా గారూ, వాలే, మీరు చూసినట్టే చెప్పారు. మాస్టారూ, మరి స్టిక్కర్ల మాటేమిటి? హార్స్‌పవర్ ఎక్కువ చేసి రాశారని కంపెనీల మీద వేసిన దావా 2010లో 6.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది కదా?

లెక్కల మాస్టారు:
అక్కడ నేను ఓడాను. అప్పటి నుంచి నేను సీసీలే చూస్తున్నాను, హార్స్‌పవర్ అంకెను నమ్మడం మానేశాను. ధర విషయంలో మాత్రం తగ్గను.

కరోలినా పానా:
మామిడితోట గారూ, బండిని అప్పుడే అమ్మేయకండి. గేర్‌బాక్స్ మీది ఫ్యాన్ చుట్టూ పేరుకున్న గడ్డి ముందు దులపండి, నూనె కాగిపోవడానికి అదొక పెద్ద కారణం. ఫలితం లేకపోతే గేర్‌బాక్స్‌ను కిందికి దించి, తలకిందులు చేసి పాత నూనె వంచేసి కొత్తది పోయాలి. ఒక శనివారం పోతుంది. బిరడా పెట్టని ఇంజనీరును ఆ రోజంతా తిట్టుకుంటారు.