అప్‌డేట్: బైకు పెట్రోల్ ట్యాంకు కింద రెండు పైపుల సంగతి తేలింది

పోయిన వారం అడిగింది నేనే. అనంతపురం నుంచి తాడిపత్రి పోతుంటే ఇరవై కిలోమీటర్లకోసారి బండి ఆగిపోతోందని, ట్యాంకు మూత తీస్తే 'ఉస్స్' మని గాలి లోపలికి పీల్చుకుని మళ్లీ స్టార్ట్ అవుతోందని.

ట్యాంకులోకి గాలి పోయే పైపు మూసుకుపోయుంటుందని మీలో ఎక్కువమంది చెప్పిందే నిజం. ట్యాంకు దించి చూసినాం. గాలి పైపు ఫ్రేముకీ ట్యాంకుకీ మధ్య నలిగి చప్పిడి అయిపోయింది. ముందు సర్వీసులో ట్యాంకు బిగించేటప్పుడే ఇరుక్కున్నట్టుంది. పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాల. రాకపోతే లోపల వ్యాక్యూమ్ పట్టి పెట్రోల్ కిందికి దిగదు. నేనేమో ఊరికే ప్లగ్గు మార్చి డబ్బు తగలేసినా!

ట్యాంకు కింద రెండో పైపు పెట్రోల్ పైపు కాదంట. మూత చుట్టూ గుంటలో నిలిచే వాన నీళ్లు కిందికి పోయేదానికి. మూత వేసే ఉంచి గుంటలో చెంచాడు నీళ్లు పోసి చూసినా, చుక్క దిగలేదు. ఆ పైపు కొనలో ఏదో పురుగు మట్టితో గూడు కట్టింది. వాన పడుంటే ఆ నీళ్లు ట్యాంకులోకే పోయుండొచ్చు.

ఒకన్న 'పైపు కారుతుంటే మూసెయ్' అన్నాడు. మూయొద్దన్నా, రెండూ తెరిచే ఉండాల. బీఎస్-6 (కాలుష్య నిబంధనల) బండ్లల్లో గాలి పైపు బొగ్గు డబ్బాకి (పెట్రోల్ ఆవిరిని పట్టుకునే డబ్బా) పోతుంది, దాన్ని పీకొద్దు.

నిన్న తాడిపత్రి పోయొచ్చినా, ఎక్కడా ఆగలేదు.