అప్‌డేట్: సైన్స్ బ్లాక్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కుళ్లిన గుడ్ల వాసన, కారణం దొరికింది

సెలవుల తర్వాత మా డిగ్రీ కాలేజీ సైన్స్ బ్లాకులో, కింది అంతస్తు ల్యాబ్‌లో కుళ్లిన గుడ్ల వాసన వస్తోందని జూన్‌లో అడిగాను కదా, ఆ సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "నేలమీది జాలీలు చూడండి" అన్నవారికి.

మేమంతా సాల్ట్ అనాలిసిస్‌కి (లవణంలో ఏముందో కనుక్కునే ప్రయోగం) వాడే కిప్ పరికరాన్నే అనుమానించాం, అందులో తయారయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది కుళ్లిన గుడ్ల వాసనే కాబట్టి. ఖాళీ చేసి కడిగినా పోలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్, సెప్టిక్ ట్యాంకు కూడా కారణం కాదు.

ప్లంబర్ వచ్చి బ్యాలెన్స్ రూము (తూకాలు వేసే గది) మూలనున్న జాలీ ఎత్తి టార్చి వేశాడు. కింద ట్రాప్ (నీళ్లు నిలిచే పైపు వంపు) పూర్తిగా ఎండిపోయి, అడుగున మడ్డి బీటలు వారి ఉంది. ఆ వంపులో రెండంగుళాల నీళ్లు నిలిచుంటేనే డ్రైనేజీ గాలి పైకి రాదు. సెలవుల్లో ఎవరూ నీళ్లు పోయక అవి ఆవిరైపోయాయి. రెండు బకెట్లు పోశాం, మర్నాటికి వాసన లేదు. నీళ్లు త్వరగా ఆరకుండా పైన కాస్త వంటనూనె కూడా వేయించాడు.

ఒక్క మాట: హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గిందని గదిలోనే ఉండిపోకండి, ముందు పిల్లల్ని బయటికి పంపండి. మా అటెండర్ ఇప్పుడు ప్రతి శనివారం అన్ని జాలీల్లో ఒక్కో మగ్గు నీళ్లు పోస్తున్నాడు.