అతినీలలోహిత సుడి పుంజం: హోలోగ్రామ్ స్ఫటికానికి ముందా, తర్వాతా?

ప్రశ్న:
మా ప్రయోగశాలలోని 1064 నానోమీటర్ల పల్స్ లేజర్ పౌనఃపున్యాన్ని వరుసగా రెండుసార్లు రెట్టింపు చేసి, 266 నానోమీటర్ల వద్ద సుడి పుంజాన్ని, అంటే నడుమ చీకటి, చుట్టూ వెలుగు వలయం ఉండే పుంజాన్ని రాబట్టాలనుకుంటున్నాము. ఫోర్క్ హోలోగ్రామ్‌ను, అంటే మామూలు పుంజాన్ని సుడిగా మార్చే, ఫోర్కులా చీలిన గీతల నమూనాను చూపే స్పేషియల్ లైట్ మాడ్యులేటర్‌ను (కాంతి తరంగాన్ని చోటుచోటుకు మలిచే ద్రవ స్ఫటిక తెరను) పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే స్ఫటికాలకు ముందు అమర్చాలా, తర్వాతా? ముందు అమర్చితే స్ఫటికాలు దాటేసరికి సుడి చెదిరిపోతుందేమోనని మా సందేహం.

జవాబు 1:
ముందే అమర్చండి. మాడ్యులేటర్‌లోని ద్రవ స్ఫటికం అతినీలలోహిత కాంతిని పీల్చుకుని పాడవుతుంది కాబట్టి తర్వాత అమర్చడం పనికిరాదు. రెండు ఫోటాన్లు కలిసి ఒకటైనప్పుడు వాటి శక్తితో పాటు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం (సుడి తిరుగుడు వల్ల కాంతికి ఉండే కోణీయ ద్రవ్యవేగం) కూడా కూడుతుంది. అందువల్ల 1064 వద్ద సుడి సంఖ్య (పుంజం నడిమి చుట్టూ ఒక్కసారి తిరిగితే తరంగ దశ ఎన్ని పూర్తి చుట్లు మారుతుందో ఆ సంఖ్య) 1 అయితే, 532 వద్ద 2, 266 వద్ద 4 అవుతుంది. మొదటి మెట్టులోని ఈ రెట్టింపును సెయింట్ ఆండ్రూస్ పరిశోధకులు 1996లో ప్రయోగంతో చూపారు. మీరూ సరిచూసుకోవచ్చు: 532 నానోమీటర్ల ఆకుపచ్చ పుంజానికి అడ్డంగా మామూలు కుంభాకార కటకాన్ని కాస్త వాల్చి పెట్టి, ఫోకస్ దగ్గర కెమెరా ఉంచితే వలయం విడిపోయి వాలు చారలుగా కనిపిస్తుంది. చారల మధ్య రెండు చీకటి గీతలుంటే సుడి సంఖ్య 2 అన్నమాట.

జవాబు 2:
పై జవాబు సరైనదే, కానీ రెండో మెట్టులో జాగ్రత్త అవసరం. బీబీఓ (బీటా బేరియం బోరేట్) స్ఫటికంలో అతినీలలోహిత పుంజం వాక్-ఆఫ్ (శక్తి ప్రవాహం తరంగ దిశ నుంచి వాలడం) వల్ల పక్కకు జరుగుతుంది. దానితో వలయం ఒకవైపు సాగి, నడిమి చీకటి ఒక్కచోట నిలవక, సుడి సంఖ్య 1 గల నాలుగు చుక్కలుగా చీలే అవకాశం ఉంది. పలుచని స్ఫటికం తీసుకుని, ఫోకస్‌ను మరీ బిగించకండి. వలయంలో తీవ్రత పరచుకుపోవడం వల్ల ఎలాగూ మార్పిడి సామర్థ్యం తగ్గుతుంది, దీనితో ఇంకొంత తగ్గుతుంది. అయినా పుంజం ఆకారమే ముఖ్యమైన చోట ఆ నష్టం భరించవలసిందేనని నా అభిప్రాయం. పల్స్ శక్తి బాగా ఎక్కువైతే మాడ్యులేటర్‌కు బదులు ఫ్యూజ్డ్ సిలికా స్పైరల్ ఫేజ్ ప్లేట్ (సర్పిలంగా మందం మారే గాజు పలక) వాడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆకుపచ్చలోనే సుడి సంఖ్య 1 కావాలంటే మార్గం ఉందా?

జవాబు 3:
ఉంది. టైప్-2 స్ఫటికంలోకి (పరస్పరం లంబ ధ్రువణాలు గల రెండు పుంజాలను కలిపే స్ఫటికంలోకి) ఒక ధ్రువణంలో సుడి పుంజాన్ని, దానికి లంబ ధ్రువణంలో సాదా గాసియన్ పుంజాన్ని (నడుమ వెలుగు ఉండే, సుడి లేని పుంజాన్ని) పంపితే 1, 0 కలిసి 1 వస్తుంది. మరో మార్గం హోలోగ్రామ్‌ను స్ఫటికంలోనే రాయడం. టెల్ అవీవ్ బృందం 2012లో ఫెర్రోఎలెక్ట్రిక్ డొమైన్లను (స్ఫటికంలో విద్యుత్ ధ్రువణత ఒకే దిశలో ఉండే చిన్న ప్రాంతాలను) ఫోర్క్ నమూనాలో తిప్పి, సాదా పుంజం నుంచే రెట్టింపు పౌనఃపున్యపు సుడిని వివర్తన క్రమాల్లో (నమూనా వల్ల పక్కలకు విడిపోయే పుంజాల్లో) రాబట్టింది. అయితే అలా రాసిన నమూనాను మాడ్యులేటర్‌లో మార్చినట్టు మళ్లీ మార్చలేము కనుక, మీకు ఒకే సుడి సంఖ్య చాలునంటేనే దాని జోలికి వెళ్లండి.