జొన్న రొట్టె అంచులు పగులుతున్నాయి, పిండి మార్చాలా?

మాది తిరుపతి. రాత్రి పూట దోసె, ఉప్మా, రాగి సంగటి చుట్టూనే తిరిగి ఇంట్లో అందరికీ విసుగొచ్చింది. కర్నూలు వైపు రోజూ తినే జొన్న రొట్టె చేద్దామంటే మా వంటింట్లో కుదరడం లేదు.

కప్పు నీళ్లు ఉప్పు వేసి మరిగించి, పొయ్యి ఆపి, కప్పు జొన్నపిండి కలిపి మూత పెడుతున్నాను. పది నిమిషాలు ఆగి, చెయ్యి తాళగలిగే వేడిలో అయిదు నిమిషాలు గట్టిగా మర్దిస్తున్నాను. ముద్ద నున్నగానే ఉంటుంది. తట్టడం మొదలుపెట్టాక అరచేయంత కాగానే అంచులు పగులుతాయి, పెనం మీద వేసేలోపు విరిగిపోతుంది. ఎలాగో కాల్చినా పొంగదు.

నీళ్లు పెంచితే చేతికి అంటుకుంటోంది. ప్లాస్టిక్ కాగితం మీద తట్టినా, కర్రతో ఒత్తినా అంతే. పావు వంతు గోధుమపిండి కలిపితే చక్కగా వచ్చింది, కానీ అది చపాతీకి చుట్టమే తప్ప జొన్న రొట్టె కాదు. పైగా మా అత్తగారికి గోధుమ పడదు.

పిండి దుకాణంలో కొన్న ప్యాకెట్. దాని మీద ఉన్న తేదీ ప్రకారం ఆడించి రెండు నెలలు దాటింది. నా అనుమానమంతా దాని మీదే.

రోజూ రొట్టె చేసేవారు చెప్పండి: జొన్నలు కొని మరలో తాజాగా ఆడించుకుంటే ఈ పగుళ్లు పోతాయా?