గ్రూప్-2 ప్రిలిమ్స్ రెండోసారీ పోయింది, కోచింగ్ మార్చాలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ): తమ్ముడు 150 ప్రశ్నలకీ జవాబులు పెట్టేశాడు. 80 ఒప్పు, 70 తప్పు. ఏం మార్చాలండీ?

జవాబు: కోచింగ్ కాదు, ముందు లెక్క చూడండి. ఒక్కో తప్పుకు మూడోవంతు మార్కు కోత: 80లో 23.33 పోయి 56.67 మిగిలింది. ఫైనల్ కీ దగ్గర పెట్టుకుని ఆ 70 తప్పుల్నీ విడదీయమనండి: అసలు చదవనివి, రెండిట్లో తికమకపడ్డవి, ‘సరికానిది ఏది’ అన్న మాట గమనించనివి. మూడో రకానికి కొత్త పుస్తకం దండగ.

జవాబు: గుడ్డిగా పెడితే నష్టమేననుకుంటారు గానీ, నాలుగు ఆప్షన్లలో సగటున సున్నాయే. ఒకటి కొట్టేయగలిగితే ప్రశ్నకు తొమ్మిదోవంతు, రెండు కొట్టేస్తే మూడోవంతు మార్కు మిగులు.

జవాబు: మెంటల్ ఎబిలిటీ 30 మార్కులు చివరికి ఉంచుకున్నాడేమో అడగండి. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో వారానికో మోడల్ పేపర్, పరీక్షకిచ్చే 150 నిమిషాలూ లేవకుండా రాయమనండి. ఇంట్లో ఈ ఉక్కపోతకి గంటకే లేచిపోతారు.