వృద్ధాప్యం మీద సైన్స్ డే, సాయంత్రం విందు: హనుమకొండలో పెడితే ఎవరికి?

కాజీపేట టు కొలోన్ (చర్చ మొదలుపెట్టినవారు):
నేను జర్మనీలోని కొలోన్‌లో వృద్ధాప్య జీవశాస్త్రం ల్యాబ్‌లో పనిచేస్తున్నా. ఎండాకాలం వచ్చిందంటే మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక రోజంతా సైన్స్ డే ఉంటుంది. పొద్దున ప్రసంగాలు, మధ్యాహ్నం పోస్టర్లు, సాయంత్రం లాన్‌లో పార్టీ. బొగ్గుల మీద మాంసం కాల్చేది పెద్ద ప్రొఫెసర్లు, ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడేది పీహెచ్‌డీ పిల్లలు. మా గైడ్‌తో భయం లేకుండా మాట్లాడింది నేను ఆ లైన్లోనే.

వచ్చే మేలో సెలవు మీద ఇంటికొస్తున్నా. హనుమకొండలో డిగ్రీ, పీజీ పిల్లల కోసం ఇట్లాంటిదే ఒకటి పెడదామని మిత్రులం అనుకున్నాం. ఖర్చు మాదే. పేచీ అంతా విందు దగ్గరే వచ్చింది. ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు వక్తలను పిలిపించవచ్చని కొందరి వాదన. నాకు నచ్చలేదు. మీరేమంటారు?

సర్వపిండి ఫ్యాన్:
తక్కువ తింటే ఎక్కువ బతుకుతారని పొద్దున చెప్పి, రాత్రికి బిర్యానీ పెడతారా? బాగుంది. నేను వస్తా.

పాత జువాలజీ సార్:
నా ఓటు విందుకే. మన కాలేజీల్లో సెమినార్ సంగతి తెలియనిదా? జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక నిండా పెద్దలు, ముఖ్య అతిథి దిగేసరికి పదకొండున్నర. ప్రశ్నల సమయం వచ్చేసరికి భోజనాల బెల్లు. ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేస్తుందని గ్యారంటీ ఏంటని అడగాలని పిల్లవాడికి ఉంటుంది. మైకు ముందు అడగడు. కూర గిన్నె దగ్గరైతే అడుగుతాడు. వక్తలను తగ్గించండి, శాలువాలు ఎత్తేయండి, అన్నం పెట్టండి.

సర్వపిండి వారికి: మీరన్న తిండి లెక్క పాతదే. 1935లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో క్లైవ్ మెక్‌కే ఎలుకలకు పోషకాలు తగ్గకుండా తిండి తగ్గించి, వాటి ఆయుష్షు పెంచి చూపించారు. కోతుల దగ్గరే చిక్కొచ్చింది. అక్కడిదే విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు 2009లో లాభం ఉందన్నారు. అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ 2012లో తమ కోతుల ఆయుష్షు పెరగలేదంది. తరచి చూస్తే తేడా పోలిక కోసం ఉంచిన కోతుల మేతలో ఉంది. విస్కాన్సిన్‌లో వాటికి చక్కెర ఎక్కువున్న మేత కడుపునిండా పెట్టారు, రెండోచోట వాటికీ కొంత కట్టడి ఉంది. అతిగా తినేవాళ్ల పక్కన పెడితే మితంగా తినేవాడు ఎప్పుడూ గెలుస్తాడు. ఒక్క పూట బిర్యానీతో మీకేం కాదు.

బీడీల ఇల్లు, కోరుట్ల:
విందు ఉంటే ఏంది, లేకుంటే ఏంది? నా ప్రశ్న వేరే. మా అమ్మ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చుంటది. యాభై దాటకముందే నడుము పట్టేసింది, రాత్రయితే దగ్గు. బీడీ కార్మికులకొచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు మందులకే చాలదు. ఆమెను ముందే ముసలిదాన్ని చేసింది ఆ పని. మీ ల్యాబుల్లో పురుగు రెండింతలు బతికిందని చప్పట్లు కొడితే మాకు ఒరిగేదేంటి?

కాజీపేట టు కొలోన్:
అక్కా, ప్రశ్న న్యాయమైనదే. మీరన్న పురుగు సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు, దాని గురించి నాకు తెలిసింది చెప్తా. దాని పొడవు ఒక మిల్లీమీటరు, బతికేది రెండు మూడు వారాలు. 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే ఒక్క జన్యువు చెడితే అది రెండింతలు బతుకుతుందని చూపించింది. ఆ జన్యువు మనలో ఇన్సులిన్ సంకేతాలను అందుకునే వ్యవస్థకు బంధువు. మనిషి కూడా రెండింతలు బతుకుతాడని మేమెవరమూ అనడం లేదు. ముసలితనం దాని ఇష్టానికి వచ్చిపడేది కాదని, దాన్ని నడిపించే మీటలు ఒంట్లోనే ఉన్నాయని మొదటిసారి గట్టిగా తెలిసింది అక్కడ.

మా దగ్గర కిల్లీ చేపల మీద కూడా పని జరుగుతుంది. జింబాబ్వే, మొజాంబిక్‌లలో వానాకాలం నిండి ఎండాకాలం ఇంకిపోయే కుంటల్లో ఉంటాయవి. నీళ్లు పోయేలోపు పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టాలి. గుడ్లు ఎండిన బురదలో మళ్లీ వాన పడేదాకా నిద్రపోతాయి. తల్లిచేప బతుకు నాలుగైదు నెలలే. ఆ కొద్దికాలంలోనే రంగు వెలిసిపోతుంది, వెన్ను వంగుతుంది, కణితులొస్తాయి.

వార్డు సిస్టర్:
మే అంటున్నారు కదా, నేను అక్కడే ఆగిపోయాను. కొలోన్‌లో ఎండ వస్తే లాన్‌లోకి వెళ్తారు. ఇక్కడ మేలో మిట్టమధ్యాహ్నం పెద్దవాళ్లను స్ట్రెచర్ మీద తెస్తారు. వృద్ధాప్యం గురించి ఎండాకాలంలో మన దగ్గర మాట్లాడాలంటే వడదెబ్బను వదిలి ఇంకేం మాట్లాడతారు?

వయసు మీద పడితే దాహం సరిగ్గా తెలియదు. చెంబు పక్కనే ఉంటుంది, వద్దంటారు. చెమట తగ్గుతుంది, చర్మానికి రక్తం పారి వేడి బయటికి పోవడం తగ్గుతుంది, మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. దీనికి తోడు మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు. ఇంకొకటి ఎవరూ పైకి చెప్పరు: రాత్రి లేచి బయటికి పోవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు, ఆడవాళ్లు మరీ. ఒంట్లో నీళ్లు తగ్గాయా అని చేతి మీద చర్మం లాగి చూస్తే ముసలివాళ్లలో నమ్మలేం, చర్మం ముందే వదులై ఉంటుంది. నాలుక ఎండిందేమో చూడాలి, చంకలో తడి ఉందో లేదో చూడాలి. ఈ రెండు ముక్కలు ఇంట్లో కోడలికి, మనవడికి తెలిస్తే చాలు, సగం కేసులు మా దాకా రావనిపిస్తుంది.

2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. 2003లో ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది, ఎక్కువగా ముసలివాళ్లే. డబ్బున్న దేశమే అది. 2010 ఎండల్లో దెబ్బతిన్నాక అహ్మదాబాద్ 2013లో వేడి తట్టుకునే ప్రణాళిక చేసుకుంది. పోస్టర్లు వేస్తే ఇవి వేయండి, తెలుగులో. పెద్దవాళ్లను పిలవండి.

పీజీ సెకండియర్:
మేడం, మీరు చెప్పింది కాదనను. కానీ మన దగ్గర ఏది మొదలుపెట్టినా చివరికి బీపీ, షుగర్ క్యాంపే అవుతుంది. పండ్లు పంచుతారు, ఫ్లెక్సీ కడతారు, అయిపోయింది. కణం ఎందుకు ముసలిదవుతుందని మేమూ ఒక్క రోజు తీరిగ్గా మాట్లాడుకోవద్దా? మనిషి కణాలు ల్యాబ్‌లో ఓ యాభై సార్లు చీలి ఆగిపోతాయని హేఫ్లిక్ 1961లోనే చూపించాడు. మా సిలబస్‌లో అది ఒక్క లైను. రాపామైసిన్ అనే మందు సంగతే చూడండి. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికింది. తర్వాత కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లకు మందైంది. 2009లో, మన లెక్కన అరవై ఏళ్ల ఎలుకలకు ఇచ్చినా ఆయుష్షు పెరిగింది. మట్టి తవ్వినవాళ్లను 'దీనివల్ల ఎవరికి లాభం' అని ఆపి ఉంటే?

వార్డు సిస్టర్:
తమ్మీ, నిన్నెవరూ ఆపడం లేదు. నీ పోస్టర్ ముందు ఒక తాత నిలబడి నాకిది చెప్పు అంటే చెప్పగలవా, అంతే అడుగుతున్నా.

బీడీల ఇల్లు, కోరుట్ల:
సిస్టర్ చెప్పిన చంక తడి సంగతి మా అమ్మకు చదివి వినిపించిన. ఫోన్ పెట్టకముందే పక్కింటి అవ్వకు చెప్పడానికి పోయింది. పురుగు సంగతి మాత్రం నాకింకా ఎక్కలేదు అన్నా.

పాత జువాలజీ సార్:
పీజీ అబ్బాయి అన్నదీ నిజమే, పండ్ల పంపకం మొదలైతే సైన్స్ అక్కడికి సరి. మేలోనే పెట్టాలనుకుంటే పగలు మానుకోండి. సాయంత్రం ఐదు తర్వాత, ఆరుబయట, ఇద్దరే వక్తలు. పెద్దవాళ్లను మెట్లెక్కించకండి.

కాజీపేట టు కొలోన్:
ఐదున్నర నుంచి తొమ్మిది. వక్తలు ఇద్దరే. పోస్టర్లన్నీ తెలుగులో, పురుగు ఒకవైపు, వడదెబ్బ ఒకవైపు. బిర్యానీ పక్కన జొన్న అంబలి, మజ్జిగ కూడా పెడతాం. సిస్టర్, మీరొక వక్తగా రావాలి.

వార్డు సిస్టర్:
ఆ వారం నాకు నైట్ డ్యూటీ పడకపోతే వస్తా. శాలువా తెస్తే అటునుంచి అటే పోతా. కుర్చీలు వీపు ఆనే రకం తెప్పించండి, బాత్రూం దగ్గరలో ఉండాలి, లేకపోతే ఒక్క అవ్వ కూడా నీళ్లు ముట్టదు.