అప్‌డేట్: ఆటో లెవెల్‌లో ఒక్కొక్కరికి ఒక్కో రీడింగ్ – కారణం దొరికింది

కోకాపేట సైట్‌లో ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి లాంటి పరికరం)తో చూస్తే, స్టాఫ్ (ఎదురుగా నిలబెట్టే కొలత కర్ర) కదలకుండా ఉన్నా నాకు 1.432 మీటర్లు, మా హెల్పర్‌కి 1.437 వస్తోందని పోయిన నెల అడిగాను కదా, అది తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తప్పు లెవెల్‌ది కాదు, మాదే. పారలాక్స్ (కన్ను కదిలితే గీత కూడా జరిగినట్టు కనిపించడం)! ఇక్కడ ఒకన్న చెప్పినట్టు కన్ను కాస్త పైకీ కిందికీ కదిపి చూస్తే, క్రాస్‌హెయిర్ (లెవెల్ లోపల కనిపించే అడ్డ, నిలువు గీతలు) స్టాఫ్ మీద జారుతూ కనిపించింది. ఇన్నాళ్లూ స్టాఫ్‌కి ఫోకస్ చేయడమే తప్ప ఐపీస్ (కన్ను పెట్టి చూసే వైపు లెన్స్) రింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు నేను. ఇప్పుడు ముందుగా స్టాఫ్ వైపున్న లెన్స్‌కి ఎదురుగా తెల్లకాగితం పట్టి, గీతలు నల్లగా, సన్నగా కనిపించేదాకా ఐపీస్ తిప్పుతున్నాను. ఆ తర్వాతే స్టాఫ్‌కి ఫోకస్. మళ్లీ కన్ను కదిపితే గీత కదలకూడదు. ఐపీస్ మాత్రం ఎవరి కంటికి వాళ్లు సెట్ చేసుకోవాల్సిందే. నేను చూసిన సెట్టింగ్‌లోనే మా హెల్పర్ కళ్లజోడు తీసేసి చూసేవాడు, అక్కడే తంటా.

ఎండకి గాలి మరగడం, ట్రైపాడ్ కాళ్లు దిగడం మా విషయంలో కారణాలు కావు. పొద్దున్నే కాంక్రీటు మీద పెట్టినా అదే తేడా వచ్చింది. సికింద్రాబాద్ నుంచి మెకానిక్‌ని పిలిపించి టూ పెగ్ టెస్ట్ (లెవెల్ చూపు సరిగ్గా సమంగా ఉందో లేదో చూసే పరీక్ష) కూడా చేయించాను. 60 మీటర్లకి 1 మిల్లీమీటరే తేడా, సర్వీసింగ్ అక్కర్లేదన్నాడు.

నిన్న ఇద్దరికీ 1.433.